నిండు నూనెగిన్నె ఎవరి చేతిలో ఉంది?

1980 ఫిబ్రవరి 16, శనివారం. సంపూర్ణ సూర్యగ్రహణం. సూర్యాపేట పక్కన మా అత్తగారి ఊళ్లో ఆ రోజు పట్టపగలే కోళ్లు గూళ్లకు చేరాయట. నేను చూడలేదు. అప్పుడు నాకు ఇరవై ఒక్క ఏళ్లు, తొలిచూలు, ఏడో నెల. మధ్యాహ్నం కాకముందే నన్ను వడ్ల గుమ్ముల పక్కనున్న అర్రలో పడుకోబెట్టి, కిటికీకి గోనెసంచులు కట్టి, బయట గొళ్లెం వేశారు. "మెదలకు బిడ్డా. గోరుతోని గీరుకోకు. ఏదీ కొయ్యకు, తెంపకు. నీళ్లు సుత తాగకు. గ్రహణం విడిచినంక నేనే వచ్చి తలుపు తీస్త" అని చెప్పింది మా అత్తమ్మ. కోపంతో కాదు, ప్రేమతోనే చెప్పింది.

మూడున్నర దాటాక బయట చప్పుళ్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. గొంతు ఎండిపోయింది. ఒళ్లంతా చెమట. రవిక చేతి అంచు నుంచి ఒక దారప్పోగు వేలాడుతూ మోచేతికి తగులుతోంది. ఏ ఆలోచనా లేకుండా దాన్ని పంటితో కొరికి తెంపాను. తెంపాక గానీ ఏం చేశానో తెలియలేదు.

ఆ దారప్పోగు తర్వాత మూడు వారాలు నన్ను నిద్రపోనివ్వలేదు. పెదవి చీలి పుట్టడానికి మన భాషలో గ్రహణం మొర్రి అని పేరు. ఆ పేరులోనే తీర్పు ఉంది. బిడ్డ మొహం చూసిన ప్రతివాళ్లూ తల్లివైపు తిరిగి "ఆ రోజు ఏం కోసినవు?" అని అడగడానికి ఆ ఒక్క మాట చాలు. నేను ఎవరికీ చెప్పుకోలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. రాత్రిళ్లు పొట్టమీద చెయ్యి వేసుకుని, లోపలున్న పెదవిని వేలితో తడిమి చూడగలిగితే ఎంత బాగుండును అనుకునేదాన్ని.

మార్చి మొదటివారంలో, నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల. రెండు కిలోలకు తక్కువే తూగింది. పెదవి చక్కగా ఉంది. నేను ముందు చూసింది పెదవినే. ఆడో మగో కూడా తర్వాతే చూశాను. కానీ పిల్ల అరచెయ్యంత ఉంది, ఏడుపు పిల్లికూన అరుపులా ఉంది. పురుడు పోసిన చోట ఒకావిడ నా మొహం చూసి అంది: "దిగులు పెట్టుకున్నవు కదా, అందుకే ఇట్లయింది. తల్లి దిగులు బిడ్డను తింటది."

దారప్పోగు నేరం నుంచి విడుదలయ్యానని అనుకున్న ఆ గంటలోనే మరో నేరం నా మీద పడింది. ఈసారి నేరం నా భయమే.

అప్పటి నుంచి ఒక ప్రశ్న నాతోనే ఉంది. కడుపుతో ఉన్న ఆడది భయపడటం పాపమా? పాపమైతే, ఆ శిక్ష పుట్టే బిడ్డకు పడుతుందా? ఆ ప్రశ్నను మోసుకుంటూనే, పిల్లకు మూడేళ్లు వచ్చాక ఏఎన్ఎం ట్రైనింగ్‌కు వెళ్లాను. ముప్పై ఏళ్లకు పైగా నల్లగొండ జిల్లా సబ్‌సెంటర్లలో పనిచేసి 2017లో రిటైరయ్యాను. ఇప్పుడు ఆ ప్రశ్న మా మనవరాలి నోట మళ్లీ విన్నాను. ఆ అరచెయ్యంత పిల్లకు పుట్టిన పిల్ల. హైదరాబాదులో ఉద్యోగం, తొలి కాన్పు. 2025 ఆగస్టులో ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది.

"అమ్మమ్మా, నాకు భయమైతున్నది. తల్లి టెన్షన్ పడితే బిడ్డ బరువు తగ్గుతదట, ముందే పుడతదట. ఫోన్ల చదివిన. అది చదివినప్పటి సంది ఇంకా భయమైతున్నది. భయపడుతున్ననని భయమైతున్నది."

నలభై అయిదేళ్ల కింద నాకు చెప్పుకోవడానికి మాట దొరకని సంగతిని ఆమె ఒక్క ముక్కలో చెప్పింది. భయం ఒకటి, భయపడుతున్నానన్న భయం ఇంకొకటి. మొదటిది ప్రకృతి ఇచ్చింది. రెండోది మనం ఇచ్చింది.

మా నాయిన రాత్రిపూట కందిలి వెలుగులో భాగవతం చదివి అర్థం చెప్పేవాడు. పోతన పుట్టిన బమ్మెర మాకు దూరం కాదు. ఆ పుస్తకం మా ఇంట్లో చుట్టాల మాటలా వినపడేది. నా ప్రశ్నకు నేను మొదట జవాబు వెతుక్కున్నది ఆ కథల్లోనే. మొదట అక్కడ దొరికింది ఓదార్పు కాదు, నేరారోపణే.

భారతంలో అంబిక కథ అందరికీ తెలిసిందే. వ్యాసుణ్ణి చూసి భయంతో కళ్లు మూసుకుంది కాబట్టి ధృతరాష్ట్రుడు గుడ్డివాడయ్యాడు. అంబాలిక తెల్లబోయింది కాబట్టి పాండురాజు పాలిపోయి పుట్టాడు. భయపడని దాసికి విదురుడు పుట్టాడు. ఇక అభిమన్యుడు. జనం చెప్పుకునే కథలో సుభద్ర నిద్రపోయింది, అందుకే కొడుక్కు పద్మవ్యూహం నుంచి బయటపడే దారి తెలియలేదు. తొమ్మిది నెలలు మోసిన తల్లి కాసేపు కన్ను మూస్తే అది కూడా లెక్కలోకి వచ్చింది. భయపడితే ఒక తప్పు, నిద్రపోతే ఒక తప్పు.

చాలా ఏళ్ల తర్వాత అంబిక కథ మళ్లీ చదువుతుంటే అంతకుముందు కంటికి ఆనని సంగతి ఒకటి కనపడింది. ఆ రాత్రి ఎవరు వస్తారో అంబికకు ఎవరూ విప్పి చెప్పలేదు. బావగారు వస్తారని మాత్రమే అన్నారు. ఆమె పడకమీద భీష్ముణ్ణి, ఇతర కురువీరులను తలుచుకుంటూ ఉంది. జడలు కట్టిన జుట్టుతో, మండుతున్న కళ్లతో ఒక తపస్వి దీపం వెలుగులో వచ్చి నిలబడితే కళ్లు మూసుకుంది. ఏ పిల్ల మూసుకోదు? మొగుడు చనిపోయి, వంశం కోసం కొడుకు కావాలని అత్త ఆజ్ఞాపిస్తే ఆ గదిలోకి వెళ్లిన పిల్ల ఆమె. కథ ఆమె భయాన్ని గుర్తుపెట్టుకుంది. ఆ భయం ఎవరు కల్పించారన్నది మనం చదివేటప్పుడు మరిచిపోతాం.

ఇక మరో రెండు కథలు. రెండూ భాగవతంలోవే, రెండూ నిండు భయంలో ఉన్న గర్భిణుల కథలే.

హిరణ్యకశిపుడు తపస్సుకు పోయినప్పుడు ఇంద్రుడు దండెత్తి వచ్చి అతని భార్యను ఈడ్చుకుపోయాడు. కడుపులో ఉన్నది రాక్షసుడి బిడ్డ, పుట్టగానే చంపుతానన్నాడు. ఆ తల్లి దారిపొడుగునా గొల్లున ఏడ్చింది. నారదుడు అడ్డం వచ్చి ఆమెను విడిపించి తన ఆశ్రమానికి తీసుకెళ్లాడు. అక్కడ ఆయన ఆమెకు ధర్మం, జ్ఞానం బోధించాడని, కడుపులో ఉన్న ప్రహ్లాదుడు అది విన్నాడని మనందరికీ తెలుసు. కానీ బోధకు ముందు ఆయన ఒక పని చేశాడు. నీ భర్త తిరిగి వచ్చేదాకా ఇక్కడే ఉండు అని చోటు ఇచ్చాడు. ఆమె ఏ దిక్కు నుంచీ భయం లేకుండా అక్కడ ఉందని భాగవతం చెబుతుంది. తాను కోరుకున్నప్పుడే ప్రసవమయ్యేట్టు కూడా ఆ ఋషి దగ్గర వరం దొరికింది. ముందు నీడ, తర్వాత నీతి. వరస అదీ.

రెండోది ఉత్తర కథ. అభిమన్యుడు పోయాడు, ఆమె కడుపుతో ఉంది. అశ్వత్థామ అస్త్రం కడుపులోని పిండం మీదికే వస్తోంది. ఆమె కృష్ణుడి దగ్గరికి పరుగెత్తింది. ఆ అస్త్రం నన్ను కాలిస్తే కాల్చనీ, నా కడుపు మాత్రం పోకూడదని మొరపెట్టుకుంది. అప్పుడు కృష్ణుడు ఆమెతో, ధైర్యంగా ఉండమ్మా, నువ్వు కంగారుపడితే బిడ్డకు మంచిది కాదు అనలేదు. అస్త్రాన్ని ఆపాడు. గర్భాన్ని కప్పి కాపాడాడు.

ఆ ఇద్దరు తల్లుల కంటే ఎక్కువ భయపడిన గర్భిణులు మన పురాణాల్లో ఎవరున్నారు? వాళ్లకు పుట్టినవాళ్లు ప్రహ్లాదుడు, పరీక్షిత్తు. తల్లి భయం బిడ్డ రాత అయ్యేదుంటే వాళ్లిద్దరి రాత ఎట్లా ఉండాలి? అంబికకూ వీళ్లకూ తేడా భయంలో లేదు. ముగ్గురూ భయపడ్డారు. తేడా అల్లా పక్కన నిలబడ్డవాళ్లలోనే. అంబిక దగ్గరికి ఆజ్ఞ వచ్చింది. ప్రహ్లాదుడి తల్లి దగ్గరికి ఆశ్రయం వచ్చింది. ఉత్తర దగ్గరికి రక్ష వచ్చింది.

ధర్మం మాట వచ్చింది కాబట్టి దాన్నీ అడుగుదాం. పాపమనేది చేసేది. భయం చేసేది కాదు, వచ్చేది. తుమ్ము వచ్చినట్టు, కన్నీరు వచ్చినట్టు వస్తుంది. రానివ్వనని ఒట్టు పెట్టుకుంటే ఆగేది కాదు. గీతలో దైవీ సంపదను లెక్కపెట్టేటప్పుడు మొట్టమొదట అభయం వస్తుంది, నిజమే. కానీ మన సంప్రదాయం అభయాన్ని దానాల్లోనూ లెక్కపెట్టింది. అన్నదానం, విద్యాదానం లాగా అభయదానం. దానమంటే ఒకరు ఇచ్చేది, ఒకరు అందుకునేది. ఆకలితో ఉన్నవాడి దగ్గర అన్నం లేదని వాణ్ణి తప్పుపట్టం. భయంతో ఉన్న మనిషి దగ్గర అభయం లేదని మాత్రం ఎందుకు తప్పుపడతాం?

బృహదారణ్యకోపనిషత్తులో సృష్టి మొదట్లో ఒక్కడే ఉన్నవాడి ప్రస్తావన ఉంది. ఒంటరిగా ఉన్నందుకు ఆయన కూడా భయపడ్డాడు. తర్వాత, నేను తప్ప ఇంకొకటి లేనప్పుడు దేనికి భయపడాలి అనుకోగానే ఆ భయం పోయింది. రెండోది ఉంటేనే భయం కలుగుతుందని ఆ ఉపనిషత్తు తేల్చింది. ఈ మాట నేను చాలాసార్లు తలపోశాను. నిండుచూలాలి విషయంలో ఆ రెండోది బయట లేదు, లోపలే ఉంది. తనలోనే ఉంది గానీ తాను కాదు. తాను కాదు గానీ తన ఊపిరితోనే బతుకుతోంది. ఆమె భయం రెండోదాని వల్ల కాదు, రెండోదాని కోసం. ఆ ఉపనిషత్తు ఒంటరితనం గురించి చెప్పిందీ నిజమే. ఒంటరిగా ఉన్నవాళ్లు భయపడతారు. కడుపులో ఒకరున్నా, చుట్టూ పదిమంది ఉన్నా, చెప్పుకునే మనిషి లేకపోతే ఆడది ఒంటరే. గొళ్లెం వేసిన ఆ అర్రలో నేను అట్లాగే ఉన్నాను.

ఇక మా మనవరాలు ఫోన్లో చదివిన సంగతి. అది అబద్ధం కాదు. నేను ఆమెకు అబద్ధమని చెప్పలేదు. గర్భిణుల్లో ఆందోళన అరుదైన సంగతి కాదు. అనేక దేశాల పరిశోధనలను కలిపి చూసిన 2017 నాటి ఒక సమీక్షలో, ఆఖరి మూడు నెలల్లో 24.6 శాతం మందికి, అంటే దాదాపు నలుగురిలో ఒకరికి, ఆందోళన లక్షణాలు కనిపించాయి. ఎడతెగని, తీవ్రమైన ఆందోళన ఉన్న తల్లుల్లో 37 వారాలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డ రెండున్నర కిలోల కంటే తక్కువ పుట్టడం కొంత ఎక్కువగా కనిపిస్తాయి. కాన్పు తర్వాత ఆ దిగులు ముదిరే అవకాశమూ ఎక్కువే.

అయితే ఎక్కువగా కనిపించడం వేరు, అదే కారణమని తేలడం వేరు. భయం ఒక్కటే రాదు. రక్తం తక్కువగా ఉండటం, తిండి చాలకపోవడం, మొగుడి తాగుడు, చెయ్యి చేసుకోవడం, అంతకుముందు పోయిన కాన్పు, అప్పు, ఇవన్నీ దాని వెంటే ఉంటాయి. నా సంగతే చూడండి. ఆ ఏడో నెలలో కూడా బావి నుంచి రెండు బిందెలు మోసేదాన్ని. జనవరిలో చలిజ్వరం వచ్చిపోయింది. రక్తపరీక్ష ఎవరూ చేయలేదు. ఐరన్ మాత్ర ఒక్కటి మింగలేదు. నా పిల్ల ముందే పుట్టడానికి వీటిలో ఏది కారణమో ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు. కానీ ఆ రోజు అక్కడున్నవాళ్లకు నా దిగులు ఒక్కటే కనపడింది. ఎందుకంటే దాన్ని తప్పుపడితే బిందెలు ఎవరూ మోయక్కర్లేదు.

గ్రహణం మొర్రి సంగతి కూడా ట్రైనింగ్‌లోనే తెలిసింది. బిడ్డ పెదవి కడుపులో ఏడో వారానికల్లా కుదురుకుంటుంది. అంగిలి పదో వారం లోపల మూసుకుంటుంది. చాలామందికి నెల తప్పిన సంగతి అప్పుడప్పుడే తెలుస్తూ ఉంటుంది. ఏడో నెలలో పట్టిన గ్రహణం, పంటితో తెంపిన దారం దాన్ని చీల్చలేవు. ఆ పాఠం విన్న రోజు హాస్టల్ గదికి వచ్చి తనివితీరా ఏడ్చాను.

ఇంకో పాఠం కూడా నాకు అంతే గట్టిగా గుర్తుంది. భయం వేసినప్పుడు తల్లి రక్తంలో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. అదంతా బిడ్డకు చేరదు. మధ్యలో మాయ ఉంది. మాయలో ఉండే ఒక ఎంజైము ఆ కార్టిసాల్‌లో ఎక్కువ భాగాన్ని పనిచేయని పదార్థంగా మార్చేస్తుంది. ఒత్తిడి చాలా కాలం, చాలా తీవ్రంగా ఉంటే ఆ కాపలా బలహీనపడవచ్చు. కానీ రోజువారీ భయాలకు, ఒక రాత్రి నిద్రలేమికి, ఒక పూట ఏడుపుకు అది తలుపు తీయదు. ఆ అవయవానికి మన పెద్దలు మాయ అని ఎందుకు పేరు పెట్టారో నాకు తెలియదు గానీ, వేదాంతంలో సత్యాన్ని కప్పే మాయ గురించి మా నాయిన చెప్పేవాడు. తల్లి భయాన్ని బిడ్డకు కనపడకుండా కప్పే మాయ కూడా ఒకటుందని నేను ఆయనకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది ఈశ్వరుడు పెట్టిన తెర బిడ్డా" అన్నాడు.

చరక సంహితలో ఒక ఉపమానం ఉంది. గర్భిణిని అంచుదాకా నూనె నింపిన గిన్నెను మోస్తున్నట్టు, తొణకనీయకుండా చూసుకోవాలట. గర్భాన్ని నిలిపే వాటిలో అన్నిటికంటే గొప్పది మనసు ప్రసన్నంగా ఉండటమని కూడా ఆ గ్రంథమే చెబుతుంది. ఈ రెండు మాటలనూ ఆడవాళ్లకు బెదిరింపులుగా వాడటం నేను ఎన్నోసార్లు విన్నాను. "చూడు, నువ్వు నవ్వుతూ ఉండాలి. లేకుంటే గిన్నె తొణుకుతుంది." ఆ ఉపమానాన్ని నిదానంగా చూడండి. గిన్నె తనంతట తాను తొణకదు. తొణికితే మోసేవాడి చెయ్యి వణికిందని అర్థం, లేదా దారిలో ఎవరో తగిలారని అర్థం. చరకుడు ఆ మాట చెప్పింది గర్భిణికి కాదు, ఆమెను చూసుకునేవాళ్లకు. అంత స్పష్టంగా చుట్టూ ఉన్నవాళ్లకు వేసిన ఆజ్ఞను మనం తిప్పి ఆమె తలకు చుట్టాం.

ఇది చెప్పే హక్కు నాకు పూర్తిగా లేదు. ఎందుకంటే నేనూ ఆ గిన్నెను తొణికించాను.

సబ్‌సెంటర్‌లో చేరిన కొత్తలో ఒక తండా నుంచి ఒకామె వారానికోసారి వచ్చేది. మూడో కాన్పు. అంతకుముందు ఇద్దరూ ఆడపిల్లలే. "బిడ్డ మెదుల్తలేదు మేడం" అంటూ వచ్చేది. నేను పొట్టమీద ఫీటోస్కోపు పెట్టి వినేదాన్ని, గుండె చప్పుడు బాగానే ఉండేది. నాలుగో వారం నాకు విసుగొచ్చింది. బయట ఇరవై మంది ఉన్నారు. "ఊకె భయపడితే నిజంగనే బిడ్డకు దెబ్బ తగుల్తది, పో" అన్నాను. నా మీద పడ్డ మాటనే, అదే గొంతుతో, ఆమె మీద వేశాను. ఆమె మళ్లీ రాలేదు. నెలలు నిండాక ఇంట్లోనే నీళ్లాడింది. రక్తస్రావం ఆగకపోతే అర్ధరాత్రి ఎడ్లబండిలో పట్నం తీసుకెళ్లారు. బతికింది. తర్వాత నేను తండాకు వెళితే, మంచంలో పడుకునే నాకు దండం పెట్టి అసలు సంగతి చెప్పింది. మళ్లీ ఆడపిల్ల పుడితే ఇంట్లోంచి పంపేస్తానని మొగుడు అన్నాడట. ఆమెకు బిడ్డ కదలికల గురించి అనుమానం లేదు. తనను ఎవరైనా అడుగుతారేమోనని వారం వారం వచ్చింది. నేను అడగలేదు.

నేను నింపిన కార్డుల్లో బరువుకు గడి ఉండేది, బీపీకి గడి ఉండేది, రక్తానికి గడి ఉండేది. భయానికి గడి లేదు. ఆ రోజు తర్వాత నేనే ఒక ప్రశ్న కలుపుకున్నాను. మందులు చేతిలో పెట్టాక, గొంతు తగ్గించి, "ఇంట్ల ఎట్లుంటున్నరు? రాత్రి నిద్ర పడుతుందా?" అని అడిగేదాన్ని. చాలామంది మొదటిసారి చెప్పరు. రెండోసారి కళ్లల్లో నీళ్లు వస్తాయి. మూడోసారి మాట వస్తుంది. మూడోసారి దాకా అడగాలి.

ఆ అడగడానికి డాక్టర్లే కానక్కర్లేదని ఇప్పుడు లోకం కూడా ఒప్పుకుంటోంది. పాకిస్తాన్‌లోని రావల్పిండిలో 2019 నుంచి 2022 దాకా ఒక ఆసుపత్రిలో 1,200 మంది గర్భిణులతో ఒక పరిశోధన చేశారు. అందరికీ ఎంతో కొంత ఆందోళన లక్షణాలున్నాయి. సగం మందికి మామూలు వైద్యం అందింది. మిగతా సగం మందితో, మానసిక వైద్యులు కాని, శిక్షణ తీసుకున్న కార్యకర్తలు కొన్నిసార్లు కూర్చుని మాట్లాడారు. మనసులో వచ్చే ఆలోచనను ఎట్లా చూడాలో, దాన్ని ఎట్లా మార్చుకోవాలో నేర్పారు. కాన్పు తర్వాత చూస్తే మామూలు వైద్యం పొందినవాళ్లలో 27 శాతం మందికి ఓ మోస్తరు నుంచి తీవ్రమైన ఆందోళన ఉంది. మాటల తోడు దొరికినవాళ్లలో అది 9 శాతం. డిప్రెషన్ అయితే 41 శాతానికి బదులు 12 శాతం. మనలాంటి ఇళ్లు, మనలాంటి అత్తలు, మనలాంటి వానలు ఎండలు ఉన్న ఊరు అది. నారదుడి ఆశ్రమం ఎక్కడో కాదు, పక్కన ఓపికగా కూర్చున్న ఒక మనిషి దగ్గరే ఉంది.

మన దగ్గర చూస్తే భక్తి పేరుతోనే కొత్త భయాలు తయారుచేస్తున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. దానికి కారణాలు అనేకం. వాటిలో ముహూర్తం ఒకటి. ఇంటిపెద్దలు పంచాంగం పట్టుకుని, ఆ రోజు ఆ గంటకు బిడ్డ పుడితే రాజయోగమని డాక్టరు ముందు కాగితం పెట్టడం నాకు తెలుసు. నక్షత్రం కోసం, బిడ్డ ఊపిరితిత్తులు పక్వమయ్యే ఆఖరి వారాలను కోసేస్తున్నాం. ఆ కాగితం చూసిన పిల్ల గుండెలో ఏం జరుగుతుందో ఎవరు అడిగారు? ముందే నొప్పులొస్తే నక్షత్రం తప్పుతుందని భయపడుతూ బాత్‌రూమ్‌కు కూడా అడుగులో అడుగు వేస్తూ నడిచిన అమ్మాయిని నేను చూశాను. ప్రహ్లాదుడి తల్లికి ఇష్టమైనప్పుడు ప్రసవమయ్యే వరం దొరికింది. ఆ ఇష్టం ఆమెది. పంచాంగం పట్టుకున్న మామగారిది కాదు.

ఆచారాలన్నీ తప్పని నేను అనను. మూడో నెలలో తల్లి చలిమిడి కొంగున కట్టుకుని కూతురి ఇంటికి రావడంలో ఉన్నదేమిటి? బెల్లం, బియ్యప్పిండి, కూతురి మొహం చూసే సాకు. సీమంతం నాడు అయిదుగురు ముత్తయిదువలు ఆ చేతులకు గాజులు తొడుగుతుంటే, మేమంతా ఇది దాటి వచ్చినవాళ్లమే అని ప్రతి చెయ్యీ చెబుతుంది. తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకురావడం కూడా నారదుడు చేసిన పనే. భయపడేవాళ్ల దగ్గర కూర్చునే ఆచారాన్ని నేను నెత్తిన పెట్టుకుంటాను. భయపెట్టి తలుపుకు గొళ్లెం పెట్టే ఆచారాన్ని గడప దాటిస్తాను. నా కొలమానం అదే.

మనవరాలు ఫోన్ చేసిన మర్నాడే బస్సెక్కి హైదరాబాదు వెళ్లాను. భయపడకు అని చెప్పలేదు. "దేనికి భయం?" అని అడిగాను. రెండు రోజులు పట్టింది చెప్పడానికి. అంతకుముందు ఏడాది రెండో నెలలో ఒక గర్భం పోయిందట. మాకెవరికీ చెప్పలేదు, మొగుడూ పెళ్లామూ మింగుకున్నారు. వాళ్లమ్మ ముందే పుట్టిన పిల్ల కాబట్టి తనకూ అంతేనేమో అన్నది ఇంకో భయం. మనవడి వరసైన ఆ అబ్బాయిని కూర్చోబెట్టి, రాత్రి పదిన్నర తర్వాత లాప్‌టాప్ మూసేయాలని చెప్పాను. ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లి, బీపీతో పాటు ఈ సంగతీ చెప్పించాను. ఆవిడ మంచి మనిషి. పది నిమిషాలు విని, కౌన్సెలింగ్‌కు పంపింది. వారం వారం వెళ్లడం మొదలుపెట్టింది. రాత్రివేళ మరీ గుండె దడగా ఉంటే చేయడానికి, మానసిక సాయానికి ఉన్న టెలిమానస్ నంబరు 14416 ఫోన్లో వేసి ఇచ్చాను. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. దేవుడికి దండం పెట్టుకోవడమూ మానలేదు. ఉదయం ఆమె విష్ణు సహస్రనామం పెడితే నేనూ పక్కన కూర్చునేదాన్ని. భక్తి వైద్యానికి అడ్డు రాలేదు, వైద్యం భక్తిని తగ్గించలేదు.

ఇక్కడ ఇంకో మాట. తల్లి బాగుండాలనేది బిడ్డ కోసం మాత్రమే కాదు. బరువు, వారాలు, బిడ్డ మెదడు అంటూ లెక్కలు వేస్తాం గానీ, ఆ లెక్కల్లో ఒక్కటీ తగ్గకపోయినా, తొమ్మిది నెలలు ఒక మనిషి నిద్ర లేకుండా వణికిందంటే అది చాలదా? ఆమె గిన్నె కాదు. గిన్నెకు దాహం వేయదు.

2025 సెప్టెంబర్ 7, ఆదివారం రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. మనవరాలికి ఏడో నెల. నాకు గోనెసంచుల వాసన గుర్తొచ్చింది. సాయంత్రమే గుళ్ల తలుపులు మూశారని టీవీలో చెప్పారు. శ్రీకాళహస్తి గుడి మాత్రం ఎప్పటిలాగే గ్రహణంలోనూ తెరిచే ఉంది. వాళ్ల అత్తగారు ఫోన్ చేసి, బయటికి రాకుండా పడుకోమన్నది. నేను ఆవిడతో వాదించలేదు. నలభై అయిదేళ్ల కింద మా అత్తమ్మకు ఉన్న భయమే ఆవిడకూ ఉంది. "నేను పక్కనే ఉన్న వదినె, మీరు నిమ్మళంగ ఉండుండ్రి" అన్నాను. ఆవిడకూ అభయం కావాలి కదా.

మనవరాలిని అడిగాను, నీకెట్లా ఉంటే మనసుకు తేలికగా ఉంటుందని. "లోపలే పడుకుంటా అమ్మమ్మా, కానీ తలుపు తీసి ఉంచు" అంది. తీసి ఉంచాను. చాప కింద పరుచుకుని పక్కనే పడుకున్నాను.

పుట్టినప్పుడు పరీక్షిత్తు కనపడిన ప్రతి మొహాన్నీ పరీక్షగా చూసేవాడట, అందుకే ఆ పేరు వచ్చిందట. అతను వెతికింది తనను కాల్చబోయిన అస్త్రాన్ని కాదు. తల్లి ఏడుపునూ కాదు. చీకట్లో తన చుట్టూ కాపలా తిరిగిన మనిషిని. ఆ కథ ఆమెకు చెబుతుంటే పదకొండున్నరయింది. బయట గ్రహణం నిండుగా ఉంది.

"అమ్మమ్మా, ఆకలైతున్నది. ఇప్పుడు తినొచ్చా?"

లేచి వంటింట్లో లైటు వేశాను. పెరుగన్నం కలిపాను. ఉల్లిపాయ కావాలంది. కత్తి తీసుకుని, ఆమె చూస్తుండగానే, చిన్నగా తరిగి పక్కన పెట్టాను. నిండా ఒక గ్లాసు నీళ్లు కూడా ఇచ్చాను. ఆమె గడగడా తాగింది. నేను ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా చూస్తూ కూర్చున్నాను.